ఏడిళ్ళ చెక్క

కాగితం మీద ఏదీ గీసుకోలేదు మా నాన్న.
కారియకూ దీవిలో, విండ్‌వర్డ్ ఒడ్డున,
ఒక కన్ను మూసి రెండో కంటితో చూసేవాడు,
అదే కొలబద్ద.
"ఇంకో బెత్తెడు" అనేవాడు.
బాడిస బెత్తెడు కొరికేది.

నిటారుగా ఎదిగిన చెట్టు మాకు పనికిరాదు.
గాలి వంచిన తెల్ల సీడర్ కావాలి,
మోచేయిలా మడిచిన కొమ్మ,
మోకాలిలా తిరిగిన వేరు.
కొండ వెనక నడుం వంగిన చెట్టొకటి కనిపిస్తే
తప్పిపోయిన చుట్టాన్ని పోల్చుకున్నట్టు
"ఇదిగో, ముక్కు వైపు మూడో పక్కటెముక" అనేవాడు.

గయానా దూలం ఇసకలో వెన్నుగా పడుకున్న రోజు
కోడి నెత్తురు చిలకరించారు.
రమ్ము నాలుగు చుక్కలు వెన్నుకి,
సీసా వడ్రంగులకి.

నా పని సందులు పూడ్చడం.
దూది పేని, చెక్కకీ చెక్కకీ నడుమ
మొద్దు ఉలితో కూరాలి.
సందు నిండితే సుత్తి చప్పుడు మారుతుంది,
ఖాళీ కుండ నిండుకుండ అయినట్టు.
నాన్న ఎటో చూస్తూనే వినేవాడు.
"థెల్మీనా, అక్కడ నువ్వు అబద్ధమాడావు."
మళ్ళీ తీసి మళ్ళీ కూరేదాన్ని.

మూడో ఏడు, వర్షాలు మొదలైన నెలలో
తుఫాను వచ్చింది.
గొలుసులు కట్టిన స్కూనర్ కదల్లేదు.
ఊళ్ళో కప్పులన్నీ కదిలాయి.
పొద్దున లేచి చూస్తే
ఆకాశం అందరి వంటింట్లోకీ తొంగి చూస్తోంది.

డెక్ కోసం ఆరబెట్టిన పలకలు
టార్పాలిన్ కింద పొడిగా, పొందిగ్గా
సిగ్గులేకుండా ఉన్నాయి.
ఎవరూ అడగలేదు.
సిబిలా అత్త మాత్రం వచ్చి వాటి పక్కన నిలబడి
చాలాసేపు సముద్రాన్ని చూసింది.
నాన్న చిత్రిక కింద పెట్టాడు.
"నీ గది ఎన్ని అడుగులు?"

సాయంత్రానికి ఏడిళ్ళ మీద మా డెక్ ఉంది.
ఓడ మీద ఏమీ లేదు.
పక్కటెముకల మధ్య వాననీరు నిలిచింది,
అందులో లెంబర్ట్ వాళ్ళ బాతులు ఈదేవి.
ఓడ కట్టమంటే బాతుల చెరువు కట్టాడని
అమ్మ నవ్వింది, తర్వాత ఏడ్చింది.

రేకులు రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది.
అప్పుడు పలకలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి,
భుజాల మీద, గాడిద మీద,
ఒకటి పాస్టరుగారి జీపు నెత్తిన.
మేకు బెజ్జాలు. గూడు కట్టిన పిట్ట రెట్ట.
బ్రెడ్‌ఫ్రూట్ కాల్చిన పొగ వాసన.
కొన్నింటి మీద కింద పడుకున్న పిల్లలు
చీపురుపుల్ల నిలబెట్టి బొగ్గుతో గీసిన చేపలు.

ప్రతి బెజ్జానికీ ఒక కొయ్య బిరడా.
రెండొందల పదకొండు వరకు లెక్కపెట్టాను,
తర్వాత వదిలేశాను.
పలకలన్నీ చిత్రిక పట్టిన నాన్న
సిబిలా అత్త దాని మీద మసిని మాత్రం ముట్టుకోలేదు.
ఎందుకని అడిగితే
"మంచి చెక్కే కదా" అన్నాడు. అది జవాబు కాదు.

నీటికి దించే రోజు
గొడ్డళ్ళు ఆనుకొయ్యల్ని ఒక్కొక్కటిగా నరికాయి.
ఓడ నెమ్మదిగా పక్కకి ఒరిగి
దుంగల మీద వాలింది.
మోకు ఈ కొసన నేను,
ఆ కొస ఎవరి చేతుల్లో ఉందో కనపడలేదు.
ఏడిళ్ళ వాళ్ళూ లాగుతున్నారు,
తమ కప్పును తామే సముద్రంలోకి.

మొదటి రాత్రి చెక్క దాహంగా తాగుతుంది,
ఉబ్బేదాకా కారుతుంది. అది మామూలే.

చీకటి పడ్డాక సిబిలా అత్త చిన్న పడవలో వచ్చింది.
చెప్పులు విడిచి డెక్ ఎక్కి
లాంతరు వెలుగులో మసి పలక వెతుక్కుని
దాని మీద నిలబడింది.
"ఏడాదిపైనే దీని కింద పడుకున్నానే" అంది నాతో,
"పైన ఎలా ఉంటుందో చూడలేదు."

పాదం కొంచెం రాసి చూసింది.

కిందనుంచి నాన్న అరుపు:
"నీళ్ళింకా దిగుతున్నాయి,
ఇద్దరూ బకెట్లు పట్టుకురండి!"