నాలుగో అధ్యాయం, ఏడో పాదసూచిక

పేజీకి నూట ఇరవై అన్నాను.
వందకి తెగ్గొట్టమన్నాడు రత్నాజీ మాస్టారు,
కొబ్బరికాయల బేరంలో పెరిగిన నోరు మరి.
బైండింగు ఆయనదే,
గైడుగారికి కాజాల డబ్బా ఆయనదే,
వాక్యాలు మాత్రం నావి,
అవీ డబ్బు ముట్టేవరకే.

ముమ్మిడివరం బస్టాండు ఎదురుగా
జిరాక్సు కొట్టు మీది గది.
కింద మిషను వెలుగు వస్తూ పోతూ,
పట్టాదారు పుస్తకాలు, ఆధార్ కార్డులు,
ఎవరివో మరణ ధ్రువపత్రాలు.
పైన నేను
"ఈ పరిశోధకుడు గమనించినదేమనగా" అంటూ
నెలకి ముగ్గురు మగాళ్ళనై గమనిస్తుంటాను.
నాకూ ఒక రిజిస్ట్రేషన్ నంబరుండేది.
ఫీజు కట్టలేని ఏడాది అది చెల్లిపోయింది.

అంశం: గౌతమి ఒడ్డున నాట్ల పాటల్లో స్త్రీ స్వరం.
"తెలిసిన పాటలుంటే వేసెయ్యమ్మా,
ఈ ఎండల్లో నేనెక్కడ తిరగను."
తిరగక్కర్లేదు.
మా అమ్మ నలభై ఏళ్ళు వంగింది ఆ పాటల్లో.
అన్నాలయ్యాక ఫోను దగ్గరపెట్టి
పాడవే అంటే
"కాళ్ళు నీళ్ళలో లేందే గొంతు లెగదే" అంది.
బకెట్టులో నీళ్ళు పోసి తెచ్చాను.
రెండు కాళ్ళూ అందులో పెట్టుక్కూచుని
రెండు పాదాలు పాడింది.
మూడోది రాలేదు.
"అది కాంతమ్మొదిన ఎత్తుకునేది.
దాంతోనే పోయింది."

వారం రోజులు చూశాను.
శుక్రవారానికి అధ్యాయం ఇచ్చెయ్యాలి.
గురువారం రాత్రి కరెంటు పోయినప్పుడు
ఆ పాదం నేనే కట్టాను:
"ఒంగిన నడుమెరుగునే గట్టు పొడుగెంతో."
అడుగున చీమల్లాంటి అక్షరాల్లో ఏడో సూచిక:
ఆవేదకురాలు గెడ్డం మరిడమ్మ, అరవై మూడు,
కూలి, వేలిముద్ర, ఠాణేలంక.
మూడొందల పన్నెండు పేజీల్లో
నా ఇంటిపేరు ఉన్నది అక్కడొక్కచోటే.

కాపీ పట్టే సాఫ్ట్‌వేరు తొమ్మిది శాతం అంది.
మిగతా తొంభై ఒకటీ
రత్నాజీ మాస్టారి సొంతమేనట.

వైవా రోజు పన్నెండున్నరకి ఫోను,
నడవాలోంచి గుసగుసగా:
"అమ్మా, బయటినించొచ్చినాయన
ఆ మూడో పాదం పట్టుకుని వదలట్లేదు.
ఇది అచ్చమైన జానపదం,
చదువుకున్నోళ్ళు కట్టలేరంటున్నాడు.
ఆవిణ్ణి ఓసారి చూడాలంట. ఏం చెప్పను?"
ఎదురుగా అమ్మ,
గోంగూర రొయ్యపొట్టు కంచం ముందు.
"పోయిందని చెప్పండి" అన్నాను.
అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆ మాట.

అమ్మ వింది.
కాసేపు నమలడం ఆపింది.
"పోయినదానికి ఇంకాస్త కూరెయ్యవే" అంది.

మర్నాటికి ఆయన డాక్టర్ రత్నాజీ.
కాలేజీ గేటుకి ఫ్లెక్సీ.
కృతజ్ఞతలు కూడా నాచేతే రాయించుకున్నాడు కదా,
అర్ధాంగికీ, ఆరాధ్య గురువులకీ,
టైపు చేసిన నూకరాజుకీ.
మిగతా పదకొండు వేలు కోతలయ్యాక అన్నాడు,
ఏ కోతలో చెప్పలేదు.

ఆషాఢం. లాకులెత్తారు.
పెనుమత్స వారి చేలో నాట్లు.
అమ్మ ఇప్పుడు వంగలేదు,
గట్టుమీంచి నారుకట్టలు విసురుతూ
పాట ఎత్తుకుంది.
రెండు పాదాలయ్యాయి.
నేను ఊపిరి బిగబట్టాను.
ఆగకుండా మూడోదీ పాడేసి
నావైపు తిరిగి
"కాంతమ్మొదినది గుర్తొచ్చేసిందే!" అంది,
ముఖమంతా నవ్వుతో.
నేనేం మాట్లాడలేదు.

ఆడాళ్ళు అందుకున్నారు,
బురదలో వెనక్కి వెనక్కి నడుస్తూ.
రెండోసారి తిప్పినప్పుడు
ఎవరో ఒక్క మాట మార్చారు:
"ఒంగిన నడుమెరుగునే పొద్దు పొడుగెంతో."
గట్టు పోయింది. పొద్దు వచ్చింది.
నాదానికన్నా బావుంది.

ఎవరా అని తలెత్తి చూశాను.
అన్నీ వీపులే.