అంగూర్ బండి

మా అపార్టుమెంటు పేరు వైన్‌యార్డ్ ఎన్‌క్లేవ్.
తీగ ఒక్కటి లేదు.
సెల్లార్‌లో, బైకుల వెనక,
మూడు రాతి కడీలు మాత్రం ఉన్నాయి,
బిల్డరు పీకలేక వదిలేసినవి.
ఇనుప తీగ ఏళ్ల తరబడి ఒరిసిన గాడి ఉంది వాటికి.
వేలు పెడితే సరిగ్గా పడుతుంది.

వాచ్‌మన్ జంగయ్య ఆ కడీల మధ్యే తువ్వాలు ఆరేస్తాడు.
"ఇది పందొమ్మిదో వరుస సారూ,
గీ వరుసల కాయ జర పులుపుండేది,
బోరు నీళ్లు గీడిదాంక అందకపోతుండె."
కొంపల్లి నుంచి మేడ్చల్ దాకా పందిళ్లేనట.
తెల్లారకముందే కోసి, గంపలు సైకిళ్లకు కట్టి
మోజంజాహీ మార్కెట్టుకు తొక్కేవాళ్లట.
ఆ దారికి అయిన ఇంధనం
రెండు జొన్నరొట్టెలు, ఒక ఉల్లిగడ్డ.

ఇప్పుడు రాత్రి రెండింటికి
రోడ్డవతల గోదాము షట్టరు ముందు
ఒక తెల్ల లారీ వచ్చి ఆగుతుంది.
బండి ఆగుతుంది గాని
దాని నెత్తిమీది ఇంజను ఆగదు.
లోపల పండ్లకు చలి తగ్గకూడదు,
ఆ వేడంతా మా వీధికి.
డ్రైవరు సూరజ్‌పాల్ ముంబై రేవు నుంచి తెస్తాడు.
అంతకుముందు నెలకు పైగా ఓడలో.
ఎక్కడి కాయో అతనికి తెలీదు,
డబ్బా మీద పెరూ అని ఉంది.
సైలెన్సర్‌కు ఎదురుగా గోడ మీద నల్లటి మరక.
దసరాకి సున్నం కొట్టారు.
వారం ఆగి మళ్లీ వచ్చింది.

ఆర్డరు పెట్టింది నేనే, అది దాచకూడదు.
డిసెంబరు. పాపకి జ్వరం, నోరు చేదు,
అంగూర్ కావాలంది.
పది నిమిషాలన్నారు, తొమ్మిదిలో వచ్చింది.
ఆ తొమ్మిది నిమిషాల వెనక
రెండు సముద్రాలున్నాయని రసీదులో లేదు.
పండు ధర ఉంది, సంచి ధర ఉంది,
చేతులు మారినందుకు నాలుగు రూపాయలు కూడా ఉంది.

జంగయ్యకి గుప్పెడు ఇచ్చాను.
ఒకటి నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు,
గింజ కోసం నాలుకతో వెతికాడు.
"సల్లగున్నయ్ సారూ."
తీపి అనలేదు. పులుపనీ అనలేదు.
కాసేపటికి, గోడకేసి చూస్తూ,
"మరి గా పొగ ఎవల ఖాతాల రాసిండ్రు?"

జవాబు రాక
లిఫ్టు బటను రెండుసార్లు నొక్కాను.

పాప నాలుగు తిని పడుకుంది.
మిగిలినవి గిన్నెలో పోసి లోపల పెట్టి
తలుపు మూశాను.
రెండున్నరకి లారీ వెళ్లిపోయింది.
వీధిలో ఎవరో దగ్గారు,
జంగయ్యే కావచ్చు.
ఆ తరవాత ఏ చప్పుడూ లేదు.
ఇక నిద్ర పడుతుందనుకునేలోగా
వంటింట్లో
మా ఫ్రిజ్ మోటారు అందుకుంది,
లారీ ఆపిన శ్రుతిలోనే.