ఓడలు కూసిన తర్వాత

నలభై ఎనిమిది పేజీలు. అట్ట లేదు.
అల్లిపురంలో పాత కాగితాలవాడు
తక్కెట్లో వెయ్యబోతుంటే చెయ్యి పట్టుకున్నాను.
చోడిపల్లి ఎర్రయ్య, పోర్టు టగ్గు మీద సరంగు,
రాత్రి డ్యూటీల్లో రాసుకున్న పద్యాలు.
నాదొక చిన్న ప్రెస్సు.
శుభలేఖలూ చిట్టీల రసీదులూ దాని తిండి,
ఏడాదికొక పుస్తకం నా తిండి.

వకీలు సన్యాసిరావుగారు కళ్ళజోడు పంచె కొంగుకి తుడుస్తూ
రాసినవాడి బతుకంతా, ఆపైన అరవై ఏళ్ళు అన్నారు.
అదీ పోయిన రోజు నుంచి కాదయ్యా,
మనిషి పోయాక వచ్చే మొదటి జనవరి నుంచి.
ఎప్పుడు పోయాడు మీవాడు?

అక్కడే తిరకాసు.
అరవై నాలుగు డిసెంబరు ముప్ఫై ఒకటి రాత్రి, కేజీహెచ్‌లో.
రిజిస్టరులో నర్సమ్మ రాత, ‘పన్నెండుకి’ అని ఉంది.
ముందో తర్వాతో ఆ ముక్క చెదలు తినేసింది.
ముందైతే ఈ జనవరికే అందరి సొత్తు.
తర్వాతైతే పైజనవరి దాకా ఆగాలి.
రెండు ఊపిర్ల తేడాకి ఏడాది!
పూర్ణా మార్కెట్టు వడ్డీవాళ్ళకైనా తెలుసా ఈ లెక్క?

పుస్తకంలో ఒక ఫోటో ఉంది,
టగ్గు ముక్కు మీద ఎర్రయ్య, లుంగీ ఎగ్గట్టి, నవ్వకుండా.
తీసిన సుదర్శనంగారికి ఇప్పుడు తొంభై మూడు,
డాబాగార్డెన్స్‌లో పడక్కుర్చీలో ఉన్నారు.
నేను పోయాక గదా మీటరు తిరిగేది,
ఇంకా జెండానే ఎత్తలేదు, పట్టుకెళ్ళు అన్నారు.

ఒక రికార్డు కూడా దొరికింది, గీతలు పడి.
అరవై ఒకటిలో వచ్చింది, ఎర్రయ్య గొంతు, ఒక తెడ్డు పాట.
రికార్డుకి చావుతో పని లేదట, వచ్చిన ఏడాదే లెక్క.
అంటే ఆ గొంతు మూడేళ్ళ కిందటే తాడు తెంపుకుంది,
మాట మాత్రం ఇంకా లంగరు మీదే ఉంది.
మరి ఆ పాట కట్టిందెవరు సార్ అంటే
మొదలే తెలీనిదానికి గడువేమిటయ్యా అని నవ్వారు.

చెంగల్రావుపేటలో మనవరాలు నూకరత్నం
ఎండుచేపలు తిరగేస్తోంది. తల ఎత్తలేదు.
‘మాయమ్మ మంచం కాడే ఉంది బాబూ.
రేవులో ఓడలన్నీ కొత్త సంవచ్చరం కూత ఎట్టినాయి.
తాత కళ్ళిప్పి, అందులో ఒక కూత యిని,
మనదేనా? అనడిగినాడట.
ఔనంది అమ్మ. అప్పుడు పోనాడు.’

తర్వాతే, అయితే.
ఒక్క ప్రశ్న అడగడానికి ఆగినందుకు
ఎర్రయ్య మాటలు ఇంకో ఏడాది ఈ ఇంటివి.
వేళ్ళు మడుస్తూ నిలబడ్డాను, డిసెంబరుకి ఎన్ని నెలలో.
‘ఏటలా లెక్కెడతన్నావు?’
చెప్పాను.
‘దానికింత ఏటి? అడిగీస్తే ఇచ్చీదాన్ని కాదా!’

చట్టం చదివాను, రిజిస్టరు తిరగేశాను, చెదల్ని తిట్టాను.
అడగాలని మాత్రం తోచలేదు.

చేతులు చీరకి తుడుచుకుని లోపలికెళ్ళింది.
బిస్కెట్ల డబ్బాలోంచి ఒక నోటు పుస్తకం తీసింది,
ఉప్పు పట్టి, పేజీకి పేజీ అంటుకుని.
ఇవి అచ్చవలేదు, ఎవళూ సూళ్ళేదు,
పది కాపీలియ్యి సాలు అంది.

దారిలో వకీలుకి ఫోన్ చేశాను.
చచ్చాక అచ్చయినదానికి అచ్చయిన ఏడాదే పుట్టుక,
అరవై కొత్తగా మొదలు అన్నారు.
వచ్చే ఏడు వేస్తే, ఎనభై ఏడు జనవరికి విడుదల.
నాకిప్పుడు యాభై ఎనిమిది. నవ్వొచ్చింది.
అప్పటికి ఏ కుర్రాడో, ఏ పిల్లో,
ఎర్రయ్య కోసం వేళ్ళు మడుస్తూ ఉంటారు.
అడగండమ్మా, ముందు అడగండి అని
చివరి పేజీలో చిన్న అక్షరాల్లో వేద్దామనుకున్నాను.

ముప్ఫై ఒకటి రాత్రి మెషీను ఆపి కిటికీ తీశాను.
పన్నెండయింది. రేవు రేవంతా కూసింది.
అన్నిట్లో టగ్గు కూత ఏదో
నాకు తెలియలేదు.