మాట అందించడం

ఫుట్స్‌క్రేలో పాత టైర్ల కొట్టు
మా నాటకశాల.
రబ్బరు వాసన ఇంకా
టిక్కెట్టు లేకుండానే వచ్చి కూర్చుంటుంది.

ఇవాళ టిగిస్ట్ తొలి నాటకం.
ఆసుపత్రి దుప్పట్లు ఉతికే రాత్రుల్లో
లెక్క చీటీల వెనక రాసింది.
అరువు కుర్చీలు నలభై. జనం పదిహేడు.
మిగతావాటిలో వాళ్ల తడిసిన కోట్లు.

రెండో రంగం నడుమ
కోల్మ్ నోరు తెరిచి ఆగిపోయాడు.
మాట అందించాల్సినవాణ్ణి నేనే.
పుట వెతుక్కునేలోగా
చివరి వరస చీకట్లోంచి ఆమె గొంతు:
"ఉతికాక అన్నీ దుప్పట్లే.
ఉతక్కముందే మనుషులు."

రాతప్రతిలో ఎక్కడా లేదది.
కోల్మ్ అందుకున్నాడు, తన ఐరిష్ యాసలో.
దగ్గబోయిన ఒకాయన
రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

పెన్సిలుతో అంచున రాసుకున్నాను.
రేపటి నుంచి ప్రతి ఆటలో
సరిగ్గా అక్కడే
అతను మరిచిపోవాలి.