లస్కరు లెక్క

రోహిణి కార్తె.
బెజవాడలో గోడలకి కూడా దాహమేసి
సున్నం రాలుస్తున్న రాత్రి.
పెద్దాసుపత్రి, మగవాళ్ల వార్డు, పదకొండో మంచం:
మద్దాల తాతారావు, అరవై ఎనిమిది,
కాలవల మీద లస్కరుగా చేసి రిటైరు.
గుండె నీరసపడి నీళ్లన్నీ కాళ్లలోకి దిగాయి.
వేలితో నొక్కితే చీలమండ పైన గుంట
నేను పది లెక్కపెట్టేదాకా పూడలేదు.

లాసిక్స్ నలభై, నరంలోకి, మెల్లగా.
కాసేపట్లో మొదలవుద్ది తాతా, లేవమాక,
సీసా మంచం పక్కనే పెట్టా.

"కాలవలు కట్టేసిన నెలలో
నన్ను తోడేస్తున్నావేంటమ్మా" అన్నాడు.
నవ్వు కూడా రొప్పుతూనే వచ్చింది.

మా కాగితంలో రెండే గళ్లు: లోపలికి, బయటికి.
రోజుకి లీటరు. కాఫీ అందులోనే, మజ్జిగ అందులోనే,
మాత్ర మింగే గుక్క కూడా.
ఊళ్లకి ఊళ్లకి నీళ్లు పంచినవాడు
ఆ లీటరు దగ్గర నాతో బేరమాడాడు.
కూతురు నాంచారమ్మ చెంగు కింద చిన్న స్టీలు డబ్బీ,
మూత తియ్యకముందే వాసన చెప్పేసింది.
కొత్తావకాయ.
"ఒక్క ముక్కే సిస్టరుగారూ, నోరు చచ్చిపోయిందంట."
ఉప్పెక్కడుంటే నీళ్లు అక్కడే కూర్చుంటాయమ్మా అన్నాను,
డబ్బీ నా సొరుగులో పెట్టాను.
తెల్లారి తిరిగిచ్చేశాను. ఒక ముక్క తక్కువ.

మూడో రోజుకి నాలుగు కిలోలు దిగాడు.
పాదాల మీద చర్మం ముడతలు పడి
నీళ్లు తీసిన బందరు కాలవ అడుగులా ఉంది.
అందరూ బాగుందన్నారు. నేనూ అన్నాను.

ఆ రాత్రి రెండున్నరకి పిలుపు.
పిక్కలు పట్టేశాయంట, ఎవరో తాడు మెలిపెట్టినట్టు.
నాంచారమ్మ అమృతాంజనం రుద్దుతోంది.
మణికట్టు పట్టుకున్నాను.
ఒకటి, రెండు, మూడోది తొందరపడి ముందే వచ్చేసింది,
తర్వాత కాసేపు ఏమీ లేదు.
కాగితం తీశాను. సాయంత్రం నుంచి బయటికి గడి ఖాళీ.
"నిండిందని పారబోశానండీ" నాంచారమ్మ గొంతు వణికింది.

"ఏడవమాకే" అంటూ ఆయన
దిండు పక్కన గోడ చూపించాడు.
సున్నం మీద గోటి గీతలు.
పొడుగు గీత నిండు సీసా, పొట్టిది సగం.
ముప్పై ఏళ్లు పొద్దున్నే గేజీ చూసి రాసిన చెయ్యి
ఎవరూ అడక్కపోయినా రాసింది.
రెండు పొడుగు, ఒకటి పొట్టి.
రెండున్నర లీటర్లు.

డ్యూటీ డాక్టరుని లేపాను. ఆ పిల్లాడికి మూడు రాత్రుల నిద్ర బాకీ.
తర్వాతి లాసిక్స్ ఆపమన్నాడు, రక్తం పంపమన్నాడు.
ఈసీజీ కాగితం మీద
అల వెనక అక్కర్లేని చిన్న అల.
పొటాషియం రెండు పాయింట్ ఆరు.

వెళ్లగొడితే నీళ్లొక్కటే పోవు.
మా ట్యూటరు కరుణమ్మగారు బోర్డు మీద సుద్దముక్క విరిగేలా రాసేది.
కింద ఇంకో మాట: పొటాషియం నేరుగా నరంలోకి,
ఎవరు చెప్పినా, ఎంత తొందరైనా, వద్దు.
దాని కింద రెండు గీతలు.

సెలైన్లో కలిపి, సీసా తిప్పి తిప్పి,
బొట్లు లెక్కపెడుతూ స్టూలు మీద కూర్చున్నాను.
అదీ నీళ్లే. లోపలికి గడిలో రాసుకున్నాను.
చెయ్యి మండుతోందన్నాడు. ఇంకాస్త తగ్గించాను.

"తొందరగా ఎక్కించెయ్యొచ్చుగా?" అంది నాంచారమ్మ.
నేను నోరు తెరిచేలోపే ఆయన:
"ఎండిన కాలవకి తలుపు ఒకేసారి ఎత్తితే
గట్టు తెగుద్దే.
మొదటి రోజు అంగుళం. ముందు గట్టు తడవాలి."

ఆ మాట రాసుకునే గడి నా కాగితంలో లేదు.

ఏడింటికి డ్యూటీ అప్పగిస్తూ
పదకొండు దగ్గర గోడ తుడవొద్దని చెప్పాను.
వచ్చిన పిల్ల నన్ను వింతగా చూసింది.
"ఇయ్యాళ నా వాటా ఎంతమ్మా?"
లీటరే తాతా.
"కాలవలెప్పుడు వదులుతారంట?"
పేపర్లో చూసి చెప్తా అన్నాను.
అప్పటికే ఆయన గోరు
కొత్త గీతకి చోటు వెతుకుతోంది.