ఖాళీ గడి

ఫహాహీల్‌లో ఏప్రిల్ అంటే
ఏసీ గొంతు పెంచే నెల.
కిటికీ అవతల దుమ్ము,
పసుపు కలిపిన నీళ్లలాంటి ఆకాశం.
కంప్యూటర్ ల్యాబులో పదకొండో తరగతి బి సెక్షన్,
ఇరవై ఆరు మంది, పదిహేడు కంప్యూటర్లు,
ఒక్కో కుర్చీలో ఒకరున్నర.

పుస్తకంలో పండ్ల దుకాణం లెక్క ఉంది.
ఎవరివో యాపిల్స్, ఎవరివో ఊళ్లు.
చెప్పబోయిన నాకే ఆవలింత వచ్చింది.
అందుకని బస్సుల రిజిస్టర్లు అడిగి తెచ్చాను,
ఆరు బస్సులు, ఒక టర్ము,
డ్రైవర్లు నిలబడి రాసిన అంకెలు,
అక్కడక్కడా టీ మరక.

టైపు కొట్టడానికే రెండు వారాలు.
మంగాఫ్‌ని జిష్ణ ఒకలా కొట్టింది, ఫర్హాన్ ఇంకోలా,
మరెవరో చివర్లో ఒక స్పేసు వదిలేశారు.
పట్టికలో మూడు మంగాఫ్‌లు లేచాయి.
"మేడమ్, మా ఇల్లు ఏ మంగాఫ్‌లో ఉన్నట్టు?"
వెనక బెంచీ నవ్వు.
కంటికి ఆనని ఖాళీ కూడా
యంత్రానికి అక్షరమేనని
సిలబస్‌లో లేని పాఠం ఒకటి చెప్పాల్సొచ్చింది.

తర్వాత పివట్.
చీరను మడత మార్చినట్టు, అన్నాను.
ఒకసారి అంచు పైకొస్తుంది, ఒకసారి కొంగు.
నేసిన పోగు ఒక్కటీ మారదు.
సగం మంది చీర మడత చూసి ఎరగరు,
అయినా తలలూపారు.

అడ్డంగా బస్సు నంబర్లు,
నిలువుగా ఆదివారం నుంచి గురువారం,
నడుమ ఆలస్యం, సగటు నిమిషాలు.
తొమ్మిదో నంబరు వరస ఎర్రగా వెలిగింది.
ఆరు, ఏడు, ఆరున్నర, మళ్లీ ఏడు.
ఫర్హాన్ అప్పుడే తీర్పు రాసేశాడు:
డ్రైవర్‌ని మార్చాలి.
రవాణా సూపర్‌వైజర్‌కి కావలసిందీ ఆ ఒక్క వాక్యమే,
రిజిస్టర్లు అంత తేలిగ్గా ఎందుకిచ్చాడో
నాకు అప్పుడు తట్టింది.
తట్టాక గొంతు పొడారింది.

మూడో వరసలో హిమజ.
మహబులా మలుపు దగ్గర ఎక్కే పిల్ల.
వాళ్లమ్మకి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ,
తమ్ముడికి బూట్లు తొడిగి, తలుపుకి తాళమేసి
జడ సగం అల్లుకుంటూ పరిగెత్తుకొచ్చే పిల్ల.
ఇవేవీ ఏ నిలువులోనూ లేవు.

తను నన్నడగలేదు.
మౌసుతో ఆలస్యాన్ని పట్టుకుని లాగి
బయట పడేసింది.
దాని చోట ఇంకొకటి తెచ్చి పెట్టింది,
ఇళ్ల నుంచి ఫోన్లొస్తే గుమాస్తా
ఆకుపచ్చ సిరాతో నింపే చివరి నిలువు:
బస్సు తప్పిన పిల్లలు.

పట్టిక కళ్లు మూసి తెరిచింది.
రెండో నంబరు, పదకొండు.
నాలుగు, ఎనిమిది.
నిమిషం తప్పని ఐదో నంబరు,
నోటీసు బోర్డు మీద మెప్పు పొందిన ఐదో నంబరు,
పందొమ్మిది.
తొమ్మిదికి ఎదురుగా ఏమీ లేదు.
సున్నా కూడా కాదు,
ఖాళీ గడి.

ఫర్హాన్ రాసింది కొట్టేశాడు.
ఏం రాయాలో తెలీక పెన్ను మూత నమిలాడు.
"కానీ మేడమ్, ఏడు నిమిషాలు లేటు... అదీ నిజమే కదా?"
నిజమేరా.
రెండూ ఒకే కాగితం మీద అచ్చేద్దాం,
మడత విప్పి ఇద్దాం ఆయనకి.
హిమజ తలెత్తలేదు.
సేవ్ మాత్రం రెండుసార్లు నొక్కింది.

మధ్యాహ్నం గేటు దగ్గర మునిరాజా కనపడ్డాడు.
రాజంపేట మనిషి, ఇరవై రెండేళ్లుగా ఇదే రోడ్డు.
మెట్టు పక్కన నిలబడి
ఎక్కుతున్న తలల్ని పెదాలతో లెక్కపెడుతున్నాడు.
"మీ బస్సు వరస ఖాళీగా వచ్చిందయ్యా!"
సంతోషం పట్టలేక అనేశాను.

ఆయన ముఖం వాడిపోయింది.
జేబులోంచి పెన్ను తీసి చూపించాడు,
సాక్ష్యంలా.
"ఖాళీనా మేడమ్?
నేను దినామూ రాసినానే."