తేమ పదిహేడు

తిప్పర్తి కొనుగోలు కేంద్రంల
వడ్ల కుప్ప ముంగట మోకాళ్ళూని
తేమ మిషన్ నోట్లె గింజలు పోస్తున్నప్పుడు
డిపార్ట్‌మెంటు నుంచి ఫోనొచ్చింది.

"కమిటీ వస్తుందమ్మా.
మీ బ్యాచ్ పంతొమ్మిది మంది
ఎవరేం జేస్తున్నరో పొద్దుమీకంగ రాసి పంపు.
మూడే గడులు:
ఉద్యోగం, పై చదువు, ఇతరం."

మిషన్ మీద పంతొమ్మిదిన్నర.
పదిహేడు దాటితే కాంటా ఎక్కదు.
"ఇంకో రెండెండలు పడాలె పెద్దయ్యా" అన్న.
ఆయన మబ్బు దిక్కు చూసిండు,
అటెన్క నా దిక్కు,
దాన్ని నేనే పిలిచినట్టు.

మొదటి క్లాసుల విఠలాచారి సారు
బోర్డు ముట్టుకోలేదు.
"అన్నం ఉడికిందని మీ అమ్మకెట్ల తెలుస్తది?"
ఎనక బెంచీల సైదులు లేసి
"ఒక్క మెతుకు వత్తి చూస్తది సార్."
"గంతే. రెండేండ్లు నేను చెప్పేది గదే."

ఆ సైదులు ఇప్పుడు మిర్యాలగూడ మిల్లుల
రాత్రంతా లారీలు లెక్కవెడ్తడు.
మోతీలాల్ దేవరకొండల
నాలుగు సెక్షన్లకు కాలిక్యులస్ చెప్తడు,
జీతం పది నెలలకే.
జూన్ల అడిగితే ఉద్యోగం,
మే నెలల అడిగితే ఆటో.

జిల్లా గ్రంథాలయంల నలుగురు దొరికిన్రు.
పది మంది కూలీలు గోడ ఎన్ని రోజుల్ల కడ్తరో
నిమిషంల చెప్తరు.
నోటిఫికేషన్ ఎన్ని రోజుల్ల వస్తదో
ఆ లెక్క ఏ గైడుల లేదు.

నుస్రత్ ఇంట్ల ఆరుగురు పిల్లలకు ట్యూషన్.
"రాయకు, అదేం ఉద్యోగం" అన్నది.
నాకు ఇంటిగ్రేషన్ వచ్చింది ఆమె వంటింటి గడప మీదనే.

అండాలు గచ్చిబౌలిల.
ఏ వయసోడు ఇంకెన్నేండ్లు బతుకుతడో
బీమా కంపెనీకి అంచనా గడ్తది.
నెలకు లక్షా పదిహేడు వేలు.
ఆమెను కలిపితే మా సగటు పదిహేను వేలు,
తీసేస్తే తొమ్మిది.
పద్దెనిమిది మందిని వరుసగ నిలవెడితే
నడిమిట్ల ఇద్దరిల నేనొకదాన్ని.

పంతొమ్మిదోది పారిజాత.
మా అందరి ప్రాక్టికల్ రికార్డులు రాసిచ్చిన పిల్ల.
ఫోన్ ఎత్తలె.
తెల్వనిదాన్ని సున్నా అనొద్దని సారే చెప్పిండు.
ఆ గడి అట్లనే వదిలిన.

"ఏం సదివినవు బిడ్డా?"
"స్టాటిస్టిక్స్."
"అంటే?"
"గుప్పెడు చూసి కుప్ప సంగతి చెప్పుడు."

పెద్దయ్య నవ్విండు.
ఒక గింజ పంటి కింద పటుక్కుమనిపిచ్చి
"పద్దెనిమిది" అన్నడు.
"కింది దాంక తిరగేసినవా మరి?
ఎండకున్న గింజ అడుగు గింజ సంగతి చెప్తదా?"

సిగ్గయింది.
మెతుకు ముచ్చట్ల సారు చెప్పకుండ ఇడిసింది ఇదే.
గంటె పెట్టి కలిపిన గిన్నెలనే ఒక్క మెతుకు సాక్ష్యం.
మమ్ముల ఎవరు కలిపిన్రు?
ఒకే హాలుల కూసొని
తలా ఒక పొయ్యి మీద ఉడికినం.

కుప్పను తిరగేసి
ఐదు తావుల నుంచి తీసిన.
పద్దెనిమిది పాయింట్ ఒకటి.
పెద్దయ్య గెలిచిండు గాని
కాంటా మాత్రం కాలే.
ఇద్దరం కలిసి టార్పాలిన్ కప్పినం,
నాలుగు మూలలకు నాలుగు రాళ్ళు.

చీకటి పడ్డంక ఫారం పంపిన.
ఐదు నిమిషాలకే ఫోన్:
"తొమ్మిదేందమ్మా, పదిహేను పెట్టు.
అది తప్పు లెక్కేం కాదు గదా?"
తప్పు కాదు సార్.
అదే బాధ.

నన్ను ఏ గడిల పెట్టుకోవాల్నో తెల్వలె.
ఈ నెల వడ్లు, వచ్చే నెల వాన.
పెన్సిల్‌తోని రాసిన.

పదింటికి ఫోన్ వెలిగింది,
పారిజాత నంబరు.
"ఎవరు?"

పేరు కొట్టి, తుడిపేసి
రోల్ నంబరు కొట్టిన.